కొండ కింది ఊళ్లో అతిథులకు బస: శిక్షణ నుంచి మొదటి సీజన్ దాకా ఎలా నడపాలి

గండికోట చూసి వచ్చినవారు, అహోబిలంలో నవ నారసింహ క్షేత్రాలు కాలినడకన తిరిగి వచ్చినవారు నన్ను తరచుగా ఒకే ప్రశ్న అడుగుతుంటారు. "మా ఊరు కూడా కొండ అంచునే ఉంది, చదువుకున్న పిల్లలం పదిమందిమి ఉన్నాం, ఊరివాళ్లకు పని నేర్పించి, వచ్చేవాళ్లకు బస పెట్టి, ఆ నాలుగు రాళ్లు ఊళ్లోనే మిగిలేలా చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" అన్నది ఆ ప్రశ్న. నల్లమల, ఎర్రమల, లంకమల, పాలకొండల అంచున ఉన్న చిన్న ఊళ్లను మనసులో పెట్టుకొని దీనికి వరుసగా సమాధానం రాస్తున్నాను.

పని నేర్చుకోవడం ముందు జరగాలి, అతిథి తరువాత రావాలి. చాలామంది ముందు ఫోటోలు పెట్టి అతిథులను పిలిచి, వారు బస్సు దిగే రోజున దుప్పట్ల కోసం పరుగెత్తుతారు. పని నేర్పడానికి వచ్చిన స్వచ్ఛంద సేవకులు ఊరు విడిచి వెళ్లిన తరువాత కూడా ఊరివాళ్లు తమంతట తాము నడుపుకోగలిగితేనే మీరు చేసింది పని అవుతుంది. కింది మెట్లన్నీ ఆ లెక్క మీదనే ఉన్నాయి.

కావలసినవి

- కనీసం రెండేళ్లుగా క్రమం తప్పకుండా నడుస్తున్న ఒక డ్వాక్రా పొదుపు సంఘం. కొత్త సంఘం పెట్టడం కన్నా పాతదానితో మొదలుపెట్టడం మేలు.
- ఇష్టపడి ముందుకు వచ్చిన మూడు లేదా నాలుగు ఇళ్లు. పది ఇళ్లతో మొదలుపెట్టవద్దు.
- ఏడాది పాటు వంతులవారీగా రాగల ఐదారుగురు స్వచ్ఛంద సేవకులు.
- ఏప్రిల్, మే నెలల్లో కూడా ఎండిపోకుండా అందే నీరు.
- ప్రతి ఇంటికీ తలుపు, గొళ్లెం, వెలుతురు ఉన్న మరుగుదొడ్డి, స్నానాల గది.
- మూడు పుస్తకాలు: అతిథుల రిజిస్టరు, వంతుల పుస్తకం, జమాఖర్చుల పుస్తకం.
- పరుపులు, రెండు జతల దుప్పట్లు, దోమతెరలు, నీటి ఫిల్టరు, ప్రథమ చికిత్స పెట్టె.

ఏసీ గదులు, సిమెంటు కాటేజీలు ఈ జాబితాలో లేవు, అవసరం కూడా లేదు. మట్టి మిద్దె, నాపరాళ్లు పరచిన పడసాల, వాకిట్లో చలువ పందిరి ఉన్న ఇంటిని పడగొట్టి స్లాబు వేస్తే, అతిథి చూడడానికి వచ్చినదే పోతుంది, ఎండాకాలంలో ఇల్లు కూడా కుంపటిలా కాగుతుంది.

1. ఊరి సమ్మతి తీసుకోండి

సర్పంచి ఒక్కరి మాట చాలదు. గ్రామసభలో గానీ, కనీసం ఊరందరూ కూర్చున్న సమావేశంలో గానీ మూడు ప్రశ్నలు పెట్టండి: ఒక రోజుకు ఎంతమంది బయటివారు వస్తే ఊరికి ఇబ్బంది ఉండదు, ఎక్కడెక్కడికి వారిని తీసుకువెళ్లకూడదు, వచ్చిన డబ్బులో ఊరి ఉమ్మడి ఖాతాకు ఎంత పోవాలి. ఈ మూడింటి జవాబులను ఆ రోజే కాగితం మీద రాసి, చదివి వినిపించి, సంతకాలు, వేలిముద్రలు తీసుకోండి. కొన్ని గుళ్లు, కొన్ని గుండాలు, కొన్ని చెట్ల తోపులు బయటివారికి చూపకూడనివి అయి ఉంటాయి. కారణం అడగకుండా వాటిని జాబితాలోంచి తీసివేయండి.

ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, సమావేశం రచ్చబండ దగ్గర పెడతారు, అక్కడికి కాలనీవాళ్లు, తండావాళ్లు, ఆడవాళ్లు రారు. తీరా నాలుగు ఇళ్లూ ఒకే వీధిలో తేలుతాయి. అలా మొదలైనది ఏడాది తిరగకముందే తగవు అవుతుంది. కాలనీలో ఒకసారి, గూడెంలో లేదా తండాలో ఒకసారి, పొదుపు సంఘం కూర్చునే రోజున ఆడవాళ్లతో ఒకసారి విడివిడిగా మాట్లాడిన తరువాతనే అందరినీ ఒకచోట కూర్చోబెట్టండి.

మరొక చిన్న మాట. మన రాష్ట్రంలో 2019 నుంచి కొన్నేళ్ల పాటు "వాలంటీరు" అంటే ఇంటికి వచ్చి పింఛను ఇచ్చే మనిషి అన్న అర్థం స్థిరపడింది. మీరు వాలంటీర్లమని చెప్పుకుంటే రేషను కార్డు సంగతి అడుగుతారు, తెలియదంటే నిరాశపడతారు. మీరు ఎవరు, ఎవరి జీతం మీద లేరు, ఎన్నాళ్లు ఉంటారు అన్నది మొదటి రోజే విడమరచి చెప్పండి.

2. అడవి హద్దును ముందే తెలుసుకోండి

మీ ఊరి పొలిమేర ఎక్కడ ముగుస్తుందో, రిజర్వు అడవి ఎక్కడ మొదలవుతుందో అటవీ బీటు అధికారిని అడిగి, ఆయనతో కలిసి ఒకసారి నడిచి చూడండి. నల్లమలలో పెద్ద భాగం నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలోకి వస్తుంది. లంకమల కూడా అభయారణ్యమే. అనుమతి లేకుండా వీటి లోపలికి అతిథులను తీసుకువెళ్లడం నేరం, ఆ కేసు అతిథి మీద కన్నా ముందు మీ ఊరి కుర్రవాడి మీద పడుతుంది. ఎర్రచందనం ఉన్న శేషాచలం, పాలకొండల వైపు అయితే కొత్త ముఖం కనిపించగానే అనుమానం వస్తుంది, కాబట్టి అతిథుల పేర్లు, బండి నంబర్లు ముందురోజే బీటు అధికారికి, స్థానిక పోలీసు స్టేషనుకు తెలియజేసే అలవాటు పెట్టుకోండి.

అనుమతి దొరకకపోతే పని ఆగిపోదు. రెవెన్యూ పొలిమేరలోనే చెరువు కట్ట, పాత బావులు, పొలాల గట్లు, కొండ పాదం వెంట నడక దారి వేసుకోవచ్చు. అడవిలోపలి బస అడిగేవారిని ఆత్మకూరు దగ్గరి బైర్లూటి, నంద్యాల-గిద్దలూరు దారిలోని పచ్చర్ల వంటి అటవీశాఖ శిబిరాలకు పంపండి. వాటిలో చెంచులు పని చేస్తున్నారు, ఒకరోజు వెళ్లి వారి పద్ధతులు చూసి రావడం మీ బృందానికి మంచి శిక్షణ.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయిన సంగతి గుర్తుంచుకోండి. అహోబిలం, బెలుం ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్నాయి, లేపాక్షి, పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. దరఖాస్తు పాత జిల్లా కేంద్రానికి మోసుకుపోయి తిరిగివచ్చినవారిని చూశాను.

3. నీరు, మరుగుదొడ్డి సరిచూడండి

రాయలసీమలో ఈ పని చెడేది ఎక్కువగా ఇక్కడే. ఒక అతిథికి స్నానం, మరుగుదొడ్డి, తాగునీరు, గిన్నెలు, దుప్పట్లు అన్నీ కలిపి రోజుకు వంద లీటర్లు లెక్క వేయండి. నలుగురు అతిథులుంటే నాలుగు వందలు, దానిపైన వంటకు, శుభ్రానికి మరో వంద. ఆ ఐదు వందల లీటర్లు మే నెలలో మీ వీధి కుళాయి నుంచి, ఇరుగుపొరుగు బిందెలకు కోత పడకుండా వస్తాయా? రాకపోతే మార్చి నుంచి జూన్ దాకా అతిథులు వద్దని ముందే నిర్ణయించుకోండి. ఆ నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది కనుక నడకకు వచ్చేవారు కూడా తక్కువే.

కొన్నేళ్ల కింద కొండ పాదాన ఉన్న ఒక ఊరికి ఒకేసారి ఇరవై ఇద్దరు విద్యార్థులను తీసుకువెళ్లాం. పొద్దున ఎనిమిది గంటలకల్లా ట్యాంకు ఖాళీ అయింది, ఆ పూట వీధి మొత్తానికి నీళ్లు లేవు. ఎవరూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు, కానీ మరుసటి నెల పిలిస్తే మూడు ఇళ్లలో రెండు ఇళ్లు వద్దన్నాయి. తప్పు ఇంటివారిది కాదు, లెక్క వేయకుండా వెళ్లిన మాదే.

మరుగుదొడ్డికి రెండు గుంతల పద్ధతి మంచిది: ఒకటి నిండితే రెండోదానికి మళ్లించి, మొదటిదాన్ని మూసి మాగనివ్వాలి. మామూలు నేలలో గుంతకూ బావికి లేదా బోరుకూ మధ్య కనీసం పది మీటర్లు ఉండాలంటారు. అయితే కడప, నంద్యాల జిల్లాల్లో చాలాచోట్ల కింద సున్నపురాయి ఉంది. బెలుం గుహలు ఏర్పడింది అటువంటి రాతిని నీరు తొలుచుకుంటూ పోవడం వల్లనే. నెర్రెలున్న ఆ రాతిలో గుంతలోని మురికి వడగట్టబడకుండా నేరుగా బోరులోకి చేరవచ్చు. మీ ఊరు నాపరాయి గనుల దగ్గర ఉంటే గుంతను వీలైనంత దూరంగా, బోరుకు పల్లపు వైపున తవ్వించి, వానాకాలం తరువాత బోరు నీటిని గ్రామీణ నీటి సరఫరా విభాగంలో పరీక్ష చేయించండి.

4. సేవకులను ఎంచుకోండి

ఉత్సాహం ఉన్నవారు చాలామంది వస్తారు, నెలకు ఒకసారి వస్తామన్న మాట నిలబెట్టుకునేవారు కొద్దిమందే ఉంటారు. మీకు కావలసింది ఆ కొద్దిమంది. లెక్కలు తెలిసిన విశ్రాంత ఉపాధ్యాయుడు, ప్రథమ చికిత్స నేర్పగల నర్సు, పక్షులను గుర్తుపట్టగల ఒక విద్యార్థి, ఫోను మీద బుకింగులు, యూపీఐ చెల్లింపులు నేర్పగల ఒకరు ఉంటే చాలు. డిగ్రీ కళాశాలల ఎన్‌ఎస్‌ఎస్ విభాగాలు ఏటా ఏడు రోజుల ప్రత్యేక శిబిరం పెడతాయి. ఆ ఏడు రోజుల్లో ఊరి గోడలకు సున్నం కొట్టించడం కన్నా, దారి పటం గీయించడం, చెట్ల జాబితా రాయించడం ఊరికి ఎక్కువ ఉపయోగం.

బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో భోజన వసతితో ఉచితంగా శిక్షణ ఇస్తారు. మీ సేవకులకు రాని పనిని అక్కడ నేర్పిస్తుంటే, ఊరి నుంచి ఇద్దరిని అక్కడికే పంపండి.

5. వంట, బస నేర్పండి

మన ఆడవాళ్లకు వంట నేర్పవలసిన అవసరం లేదు. కొత్తవారికి వడ్డించేటప్పుడు పాటించవలసిన నాలుగు జాగ్రత్తలు మాత్రం నేర్పాలి. పట్నం నుంచి వస్తున్నారని పనీరు కూర, ఫ్రైడ్ రైస్ చేయబోతారు, దాన్ని మొదటి రోజే ఆపండి. కర్నూలు వైపు జొన్నరొట్టె, కడప వైపు రాగి సంగటి, ఊరుబిండి, అనంతపురం వైపు పొద్దున ఉగ్గాని, బజ్జి, పండగ నాళ్లలో ఓళిగలు: అతిథి తన ఇంట్లో తినలేనివి ఇవే.

నేర్పవలసిన జాగ్రత్తలు ఇవి. తాగునీరు తెర్లేదాకా కాచి చల్లార్చాలి లేదా ఫిల్టరు చేయాలి. రాత్రి మిగిలిన అన్నం, కూర అతిథికి పెట్టకూడదు. కారం తగ్గించి వండి, ఎర్రకారం విడిగా పెట్టాలి. వేరుశనగ పడనివారు ఉంటారు కనుక, బుకింగు రోజునే అడిగి రాసుకోవాలి, ఎందుకంటే మన పచ్చళ్లలో, పొడుల్లో, తాలింపు నూనెలో అది లేని వంట అరుదు. ఆహారం డబ్బుకు పెడుతున్నప్పుడు ఆహార భద్రతా విభాగంలో రిజిస్ట్రేషను తీసుకోవాలి, సచివాలయంలో గానీ మీ సేవ కేంద్రంలో గానీ అడిగితే దారి చెబుతారు. విదేశీయులకు బస ఇస్తే 24 గంటల్లో వారి వివరాల ఫారం నింపి విదేశీయుల నమోదు అధికారికి పంపాలి. ఆ ఏర్పాటు లేనంతవరకు విదేశీ అతిథులను ఒప్పుకోవద్దు.

సరిచూసుకోవడం ఎలా? సేవకులిద్దరు ముందు చెప్పకుండా సాయంత్రం వెళ్లి, అతిథుల్లా ఒక రాత్రి ఉండాలి. గొళ్లెం పడుతుందా, చీకట్లో మరుగుదొడ్డి దారి కనిపిస్తుందా, సబ్బు ఉందా, దుప్పటి ఉతికినదేనా అన్నవి రాసుకొని, మరునాడు ఇంటామెతో ఏకాంతంగా చెప్పాలి. నలుగురి ముందు చెప్పకూడదు.

6. దారి చూపేవారిని తయారు చేయండి

1986లో కడప జిల్లాలో కలివికోడి మళ్లీ కనిపించింది. దశాబ్దాలుగా అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి రాత్రిపూట తిరిగేది, శాస్త్రజ్ఞులకు దొరకనిది, ఆ ప్రాంతంలో పిట్టలు పట్టే మనిషికి మాత్రం తెలిసినదే. అందువల్ల మీ శిక్షణ పుస్తకంతో మొదలు కాకూడదు. మేకలు కాసే పెద్దమనిషిని, తేనె తీసేవారిని, మందు వేళ్లు ఎరిగిన అవ్వను ముందు నడవనిచ్చి, కుర్రవాళ్లు వెనక నడుస్తూ రాసుకోవాలి. ఆ పెద్దలకు ఆ రోజు కూలి ఇవ్వాలి.

అలా రెండు మూడు నడకల్లో ఇరవై చోట్లు గుర్తించండి. తపసి, తునికి, మోదుగ, ఇప్ప, చార, కరక్కాయ, ఉసిరి, ఎర్రచందనం వంటి చెట్లలో మీ దారిలో ఉన్నవి ఏవి, ఏ నెలలో పూస్తాయి, ఏ నెలలో కాస్తాయి, ఎవరు దేనికి వాడతారు అన్నది ఒక్కొక్క చోటికి నాలుగు వాక్యాలు చాలు. తరువాత గైడు వాటిని తన మాటల్లో చెప్పడం సాధన చేయాలి. సేవకులు రాసి ఇచ్చినదాన్ని బట్టీ పట్టిస్తే అతిథి అడిగిన మొదటి ప్రశ్నకే తడబడతాడు. తెలియని ప్రశ్న వచ్చినప్పుడు "తెలియదు, మా పెద్దాయనను అడిగి చెబుతాను" అనడం కూడా సాధన చేయించండి. తెలియనిచోట కథ అల్లి చెప్పే అలవాటు ఒకసారి పడితే మాన్పించడం కష్టం, అది ఊరి చరిత్రనే చెరుపుతుంది.

భద్రత విషయంలో సడలింపు ఉండకూడదు:

- ఆరుగురు అతిథులకు ముందొకరు, వెనకొకరు. ఒక్క గైడుతో పంపవద్దు.
- ఎండ రోజుల్లో ఆరు లోపు బయలుదేరి పది లోపు తిరిగి రావాలి. మనిషికి మూడు లీటర్ల నీరు.
- కొండ మీద మబ్బు పట్టితే వంకలోకి దిగవద్దు. కింద చినుకు లేకపోయినా పైన కురిసిన వాన ఒక్కసారిగా వస్తుంది.
- కొండ చరియలకు పెద్ద తేనెపట్టులుంటాయి. అత్తరు, పొగ, అరుపులు, డ్రోను అక్కడ నిషిద్ధం.
- గండికోట వంటి లోయ అంచుల్లో ఫోటో కోసం కూర్చోబోయేవారిని గట్టిగా వారించే ధైర్యం గైడుకు ఉండాలి. ఆ మాట అన్నందుకు అతిథి కోపగించుకున్నా సంఘం గైడు పక్షానే నిలబడాలి.
- పాము కరిస్తే కోయడం, బిగించి కట్టడం, నోటితో పీల్చడం, మంత్రం వేయించడం చేయవద్దు. కదలనివ్వకుండా 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. ఆ ఆసుపత్రి ఏదో ముందే కనుక్కోండి. ఫోను సిగ్నలు దారిలో ఎక్కడెక్కడ అందుతుందో పటంలో గుర్తు పెట్టండి.
- పక్షుల కూతలను ఫోనులో వినిపించి పిలవడం, కలివికోడి కోసం రాత్రిపూట దీపాలు వేసుకొని పొదల్లో వెతకడం ఎంత డబ్బు ఇస్తామన్నా చేయకూడదు.

7. ధర, వంతు నిర్ణయించండి

పక్క ఊళ్లోని లాడ్జి ధర చూసి ధర పెట్టవద్దు. ఖర్చు నుంచి పైకి లెక్కించండి. ఉదాహరణకు ఇద్దరు అతిథులు, ఒక రాత్రి, మూడు పూటల భోజనం, మనిషికి 1,200 రూపాయలనుకుందాం. వచ్చేది 2,400. సరుకులకు 700, ఉతుకులు, సబ్బు, కరెంటుకు 200, ఊరి ఖాతాకు పదో వంతు అంటే 240 పోతే, మిగిలేది 1,260. దీనికి ఇంట్లో ఇద్దరు కలిసి పద్నాలుగు గంటలు పని చేస్తే గంటకు 90 రూపాయలు పడుతుంది. మీ ఊళ్లో కోతల నాటి కూలితో దీన్ని పోల్చండి. కూలి కన్నా తక్కువ పడుతుంటే ధర పెంచాలి లేదా పని తగ్గించాలి. ఆడవాళ్ల పనిని ఊరికే వచ్చేదిగా లెక్క కట్టడం అన్నింటికన్నా పెద్ద తప్పు, ఇంటింటా జరుగుతున్న తప్పు. డబ్బు కూడా వండిన ఆమె బ్యాంకు ఖాతాలోకే వెళ్లాలి.

గైడు కూలి విడిగా చెప్పండి, బస ధరలో కలపవద్దు. అతిథి ఏ ఇంటికి వెళ్లాలన్నది వంతుల పుస్తకం తేల్చాలి గానీ, ఆటో డ్రైవరు గానీ, సేవకుడు గానీ తేల్చకూడదు. అతిథి పేరు పెట్టి ఒక ఇంటిని అడిగినా, ఆ ఇంటి వంతు తరువాతి సారికి జరగాలి. ఈ పుస్తకం పొదుపు సంఘం సమావేశంలో వారానికి ఒకసారి బిగ్గరగా చదవాలి.

మద్యం, పొగ, ప్లాస్టిక్ సీసాల నియమాలు బుకింగు సమయంలోనే ఫోనులో పంపండి. వచ్చిన తరువాత చెబితే గొడవ అవుతుంది.

8. పరీక్షగా పిలవండి

మొదటి అతిథులు మీ స్నేహితులు కాకూడదు, మొహమాటానికి బాగుందంటారు. పక్క మండలంలోని ఉపాధ్యాయుల కుటుంబాలను సగం ధరకు, మూడు వారాల్లో మూడుసార్లు, ప్రతిసారీ నలుగురికి మించకుండా పిలవండి. వెళ్లేటప్పుడు "ఏది బాగుంది?" అని అడగవద్దు, "మళ్లీ రాకుండా ఆపేది ఏమిటి?" అని అడగండి. ఇంటివారిని కూడా అదే రోజు సాయంత్రం విడిగా అడగండి: పిల్లల చదువు చెడిందా, ముసలివారికి నిద్ర పట్టిందా, మళ్లీ పెట్టుకుంటారా?

బస సాధ్యం కాదని తేలితే సిగ్గుపడవలసినది లేదు. పొద్దున నడక, ఉగ్గాని, మధ్యాహ్నం సంగటి భోజనం, సాయంత్రానికి తిరుగు ప్రయాణం అన్న ఒక పూట ఏర్పాటుతో కూడా ఊరికి ఆదాయం వస్తుంది, మరుగుదొడ్డి భారమూ, రాత్రి కాపలా భారమూ తగ్గుతాయి. చాలా ఊళ్లకు ఇదే సరిపోతుందని నా అభిప్రాయం.

9. మొదటి సీజన్ నడిపి, చేతులు మార్చండి

అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా నడపండి. మొదటి నెల ఫోను సేవకుల దగ్గర, రెండో నెల సేవకుడు పక్కన ఉండగా సంఘం లెక్కల మనిషి దగ్గర, మూడో నెల నుంచి పూర్తిగా ఆమె దగ్గర ఉండాలి. నాలుగో నెలలో సేవకులెవరూ ఊరికి రాకూడదు. ఆ నెలలో వచ్చిన అతిథుల సంఖ్య, రిజిస్టరు, జమాఖర్చుల పుస్తకం, ఊరి ఖాతా పాసుపుస్తకం నాలుగూ ఒకదానితో ఒకటి సరిపోవాలి. సరిపోకపోతే తేడా ఎక్కడ వచ్చిందో వారితోనే వెతికించండి, మీరు దిద్ది ఇవ్వవద్దు.

మార్చిలో ఊరందరినీ మళ్లీ కూర్చోబెట్టి, మొదటి సమావేశంలో రాసిన మూడు జవాబులను చదివి వినిపించండి. రోజుకు ఎంతమంది అన్న అంకెను అప్పుడు పెంచాలా, తగ్గించాలా, ఆపేయాలా అన్నది వారు తేల్చాలి. ఆపేస్తామన్నా పుస్తకాలు, దారి పటం, చెట్ల జాబితా, మిగిలిన డబ్బు సంఘానికి అప్పగించి రసీదు రాయించుకోండి.